సగం ఎర్రగడ్డం

ఇది యెమెన్ ఎడారిలో మొదలై, సముద్రం దాటి, చిత్తూరు చేరే మహాగాథ. అలా రాద్దామనే కూర్చున్నాను. జరిగిందంతా మా వంటింటి పక్కన చాప మీద, మధ్యాహ్నం భోజనాలయ్యాక.

దయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను.

మా దాదీ, అంటే నాయనమ్మ, ఒక అరబ్బు కూతురు. ఆయన అత్తరు అమ్ముకుంటూ వచ్చి చిత్తూరులో ఆగిపోయాడు. మామిడిపండ్ల కోసమని మా నాయన అంటాడు, పెళ్లి కోసమని దాదీ. ఆయన ఫోటో ఒక్కటీ లేదు.

రెండువేల సంవత్సరం అటూ ఇటూ. నేను డిగ్రీ తప్పి, మా చుట్టాలందర్నీ బొమ్మల కథలో పాత్రలుగా గీస్తున్నాను. పీలేరు బస్సును ఒంటెలా అదిలించే చిన్నాన్న అందులో హీరో.

దాదీ కళ్లకు శుక్లాలు ముదిరాయి. ఆమె దిగులు మాత్రం వేరే.

"మా నాయన మొగం మరుపొస్తా ఉండాది రా. తొమ్మిదేండ్లప్పుడు చూసిందే. కండ్లు పోకముందే ఒకసారి గీసి చూపించు."

"చూడని మనిషిని ఎట్లా గీసేది దాదీ?"

"చూసినోళ్లను నువ్వు గీస్తేనే గుర్తు పట్టలేకుండా ఉండాము. చూడనోణ్ని గీయి, ఏమన్నా కుదురుతుందేమో."

మా నాయన ముక్కు, చిన్నాన్న కళ్లు పెట్టి గీశాను. పెద్దాయన కదా, గడ్డానికి గోరింటాకు ఉంటుందని ఎర్ర స్కెచ్ పెన్ను తీశాను. కుడి సగం నిండేసరికి ఎండిపోయింది. ఊదాను, విదిలించాను, తిట్టాను. రాయలేదు.

దాదీ కాగితం లాక్కుని ముక్కుకు ఆనించుకుంది. వెక్కిరింపుకు సిద్ధపడ్డాను.

"ఇది నీకెవురు చెప్పినారు?" అంది.

"ఏది?"

"పండక్కి నాయన గడ్డానికి గోరింటాకు నేనే పెట్టినా. రుబ్బింది చాలక కుడి పక్కే అయింది. మిగతాది రేపు పెడుదువులే అని నవ్వినాడు. తెల్లారేసరికి పోయినాడు. సగం గడ్డంతోనే మట్టిలో పెట్టినారు. చూసినోళ్లెవురూ ఇప్పుడు లేరు. నేను ఎవురికీ చెప్పలా."

వింత అదొక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు.

"పెన్ను ఇట్లియ్యి."

"ఎండిపోయింది దాదీ."

"ఇయ్యి రా."

ఆమె చేతిలో పెన్ను రాసింది. ఎడమ పక్కంతా, గీత దాటి చెవిదాకా పూసింది. తర్వాత నేను గీస్తే మళ్లీ రాయలేదు.

పెన్ను సంగతికి ఏదో ఒక కారణం వెతకొచ్చు. ఆ కుడి సగానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నమాజు చేసే గదిలో మనుషుల బొమ్మలు కనబడేలా పెట్టం కాబట్టి దాన్ని ఇనుప బీరువా తలుపుకు లోపలివైపు అంటించాం. ఇనుముకు జిగురు పట్టదు. టేపు వెయ్యాలి.