ఖాజా కట్టిన మెమరీ బోర్డు

కరెంటు ఉండగా ఆ బోర్డు పీకింది నేనే. ఈ మాట పదహారేళ్లు ఎవరితోనూ అనలేదు. తర్వాత జరిగిన వింతను మాత్రం ఆదోనిలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. దయ్యాలంటే నవ్విపోయే మనిషిని, నేనే ఒక దయ్యం కథ పుట్టించాను.

ఎనభైల్లో మా మామ బొంబాయి నుంచి చిన్న కంప్యూటర్ తెచ్చిచ్చాడు. దాన్ని టీవీకి తగిలించి, క్యాసెట్ నుంచి ప్రోగ్రాం ఎక్కించాలి. మెమరీ ఒక్క కిలోబైటు, అంటే ఒక్క కె. ఒక పేజీ అక్షరాలకే నిండిపోయేది. రేడియోలు బాగుచేసే ఖాజా అన్న నెల రోజులు కూర్చుని పదహారు కె బోర్డు తయారుచేశాడు. వెనక తగిలిస్తే కదిలేది, కదిలితే అంతా పోయేది. అందుకని ఎమ్మిగనూరు మగ్గం నూలుతో బిగించి కట్టాడు.

"కరెంటుండంగా దీన్ని ముట్టొద్దప్పా" అన్నాడు.

ఒకరోజు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు షావుకారుకు, కంప్యూటర్లో పత్తి లాట్ల లెక్కల పట్టీ చూపించాలి. నచ్చితే మిల్లులో కరెంటు పనంతా ఖాజాకే. అతను వోల్టేజి చూడటానికి మీటరు దగ్గరికి పోయినప్పుడు, షావుకారు బోర్డు చూపించమన్నాడు. గొప్పకు పోయి, మిషను ఆపకుండానే దారం విప్పి పీకాను. మళ్లీ పెడితే తెర నల్లబడింది.

"ఏం ఖాజా, రేడియోకు ఏసినట్ల ఈడా అతుకులేసినావా?" అన్నాడు షావుకారు. మిల్లువాళ్లందరూ నవ్వారు. ఖాజా విప్పిన దారం చూశాడు, నన్ను చూశాడు. నేను నోరు తెరవలేదు. మిల్లు పని పోయింది.

మర్నాడు పొద్దున బోర్డు కిటికీలో ఉంది. దాన్ని తగిలించకుండా మిషను ఒక్కటే పెట్టి మెమరీ ఎంతో అడిగాను. పదహారు కె చూపింది. క్యాసెట్ ఎక్కింది, పట్టీ చివరిదాకా నడిచింది. మా అమ్మ కూడా చూసింది. ఆపి మళ్లీ పెడితే ఒక్క కె. ఆ తర్వాత ఎన్నడూ అలా కాలేదు. బోర్డులో చిప్పులన్నీ కాలిపోయాయని తర్వాత బెంగుళూరులో చెప్పారు.

ఈ వింత చెప్పాను, పీకిన సంగతి చెప్పలేదు. మిగతాది ఊరు కల్పించింది. "ఖాజా మంత్రించిన దారం కట్టినాడంటప్పా!" మగ్గం నూలును తాయెత్తు చేశారు. విని మళ్లీ ఊరుకున్నాను. జనం భయపడ్డారు, అతని అంగడికి రేడియోలు రావడం మానేశాయి. అంగడి మూసి ఎమ్మిగనూరు పోయాడు.

ఆ నోళ్ల మీద నాకు కోపం. వాటికి మేత వేసిన నా నోటి మీద ఇంకా కోపం. లేని మెమరీ ఎక్కడినుంచి వచ్చిందో ఈనాటికీ తెలియదు. దారం మాత్రం ఉత్త దారమే.

మొన్న ఎమ్మిగనూరులో అతను పెట్టుకున్న అంగడికి పోయాను. ఖాజా అన్న కూర్చోమనలేదు.

"ఏమప్పా, ఇంగో దయ్యం కత చెప్పేకి వచ్చినావా?"

అంగట్లో నలుగురున్నారు. అందరికీ వినపడేలా చెప్పాను.

"కరెంటుండంగా పీకింది నేనేన్నా. నీ పనిలో తప్పు లేదు. రెండుసార్లు నోరు మూసుకుంటి. నన్ను క్షమించన్నా."