బకెట్‌లో లేచిన పసుపు పొగ

గోదావరి వరద తీసేసరికి పర్ణశాల దగ్గర మా ఆడపిల్లల హాస్టల్ నిండా బురద. నేను అక్కడ సైన్సు టీచర్ని. స్నానాల గది కడుగుతున్న ఆయమ్మ, బ్లీచింగ్ పౌడర్ ఒక్కటే చాలదనుకుని అదే బకెట్‌లో యాసిడ్ కూడా పోసింది.

వరండాలో ఉన్న నాకు ముందు ఘాటు తగిలింది. తలుపు దగ్గరికి వెళ్లేసరికి పసుపుపచ్చని పొగ నేల మీద పాకుతోంది. ఆయమ్మ గోడ పట్టుకుని దగ్గుతోంది. అది క్లోరిన్. ఆ పేరు బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను కానీ, కళ్లతో చూడటం అదే మొదలు. ఊపిరి బిగబట్టి, ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. పిల్లలందరినీ దూరంగా పరుగెత్తమని అరిచాను.

సాయంత్రానికి దవాఖానాలో ఆమెకు ఊపిరి కుదుటపడింది.

"గా పొగ ఏంది టీచరమ్మా?"

"క్లోరిన్ అమ్మా. విడిగా ఉంటే విషం. సోడియంతో కలిస్తే మనం తినే ఉప్పవుతుంది."

"సోడియం మంచిదేనా?"

"అదీ ప్రమాదమే. నీళ్లు తగిలితే మండుతుంది."

"రెండు చెడ్డయి కలిస్తే ఉప్పెట్లయితది?"

"కలిశాక వాటి పాత గుణాలు ఉండవు. కొత్త పదార్థం అవుతుంది."

నర్సు జావ తెచ్చింది. ఆయమ్మ గిన్నె ముట్టలేదు.

"దీంట్ల ఉప్పేసిన్రా?" అని మెల్లగా అడిగింది.

నేనే ముందు ఒక గుక్క తాగాను. పొద్దుటి పొగ ఘాటుకి ఇంకా మండుతున్న నా గొంతులోంచి అది దిగుతుంటే నాకూ భయమే వేసింది. నా ముఖం కాసేపు చూసి, ఆమె గిన్నె అందుకుంది.