మా గోవిందు మామ చంపిన మనుషులు

సూది వేసే ముందు నర్సమ్మ స్పిరిట్టు దూదితో జబ్బ తుడిచినప్పుడు, ఆ చల్లని ఘాటు వాసనకు అందరికీ ఆసుపత్రి గుర్తొస్తుందేమో గానీ, నాకు మాత్రం పెనుకొండలో వేసిన టూరింగు టాకీసు డేరా, అందులో తెరంతా నిండిన మా గోవిందు మామ ముఖం గుర్తొస్తాయి. మొన్న పుట్టపర్తిలో షుగరు పరీక్షకు పోయినప్పుడూ అంతే. "నొప్పి ఉండదులే అవ్వా" అని ఆ అమ్మాయి అంటూ ఉంటే నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను.

గోవిందు మామ మా అమ్మకు తమ్ముడు. మనిషి పొడుగ్గా, బక్కగా, గుంటలు పడిన పెద్ద కళ్లతో ఉండేవాడు. పండక్కి కోడిని కోయమంటే పెరటిగోడ దూకి పారిపోయే రకం. జాతర్లలో నాటకాలు ఆడేవాడు. ధర్మవరంలో ఒకసారి మామ నాటకం చూసిన మద్రాసు మనిషెవరో, తక్కువ ఖర్చులో ఒకే బంగళాలో సినిమా తీస్తూ, ఆ కళ్ల కోసమే మామను పిలిపించుకున్నాడు. వేషం డాక్టరుది. కట్టుకున్న భార్య తన కత్తి కిందే ప్రాణం విడిస్తే మతి చెడి, ఆమె పోలికలున్న ప్రతి రోగినీ చంపే డాక్టరు.

మద్రాసు పోయే ముందు, ఎండలకు కొండరాళ్లు సెగలు కక్కే ఆ నెలల్లో, మామ చేతులకు స్పిరిట్టు రుద్దుకుని, వంటింటి గోడకు ఆనించిన సొరకాయ మెడను పిసికి పిసికి సాధన చేసేవాడు. మేము పిల్లలం చెనక్కాయలు వలుస్తూ, గింజలు నోట్లో వేసుకుంటూ, అదొక ఆటలాగా చూసేవాళ్లం. తిరిగొచ్చాక షూటింగు ముచ్చట్లు చెప్పాడు. నలుపు తెలుపు సినిమా గనుక రక్తానికి బెల్లం పాకంలో దీపం మసి కలిపారట. చచ్చినట్టు పడుకున్న అమ్మాయిని చీమలు పట్టేసరికి ఎగిరి కూర్చుందట. మామను కన్న మా అవ్వ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

ధర్మవరంలో ఆడి, ఆ రీళ్ల డబ్బాలు రైల్లో పెనుకొండకు వచ్చింది ఉగాది వెళ్లిన వారంలో. పండగ నాటి ఓళిగలు మూట గట్టుకుని, పొద్దు గూకకముందే డేరాలో చేరి, నేల టికెట్టులో ఇసుక కుప్ప చేసుకుని ఎత్తుగా కూర్చున్నాం. మామ ముఖం తెర మీదికి రాగానే ఊరంతా ఈలలు వేసింది. కాసేపటికి ఈలలు ఆగిపోయాయి. సూదిలోకి మందు ఎక్కిస్తూ ఆ కళ్లు నవ్వాయి. మంచానికి కట్టేసిన ఆడమనిషి కాళ్లు కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయాయి. ఇంకొకతె గొంతు మీద ఆ పొడుగు వేళ్లు మెల్లగా బిగుసుకుంటుంటే, ఆమె నాలుక బయటికొస్తుంటే, అవ్వ లేచి నిలబడి, "వద్దురా గోవిందా! ఆ పిల్లను ఇడ్సరా!" అని కేకపెట్టింది. ఎవరూ నవ్వలేదు. నేను అమ్మ ఒళ్లో ముఖం దాచుకున్నాను. పక్కనే కూర్చున్న మామ తన చేతులను చంకల కింద పెట్టుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి మా వీధి మారిపోయింది. అచ్చనగాయలు మూలబడ్డాయి, పిల్లలమంతా డాక్టరాట మొదలుపెట్టాం. ఒకరిని అరుగు మీద పడుకోబెట్టి ఇంకొకరు గొంతు నులమడం, చచ్చేవాళ్లు కాళ్లు కొట్టుకోవడం. ఒకరోజు మా చిన్నాయన కొడుకు నిజంగానే నీలుక్కుపోతే నాయన మమ్మల్నందర్నీ చింతబరికెతో వాయించాడు. మామ ఎదురొస్తే తల్లులు బిడ్డల్ని లోపలికి లాక్కునేవాళ్లు. ఎవరో విసిరిన రాయి మా ఇంటి పెంకుల మీద పడింది. కుదిరిన పెండ్లి సంబంధంవాళ్లు, "ఆ చేతులు చూసినాంలేమ్మా" అని వెళ్లిపోయారు. మొదట నవ్విన మామ, తర్వాత కంచం ముందు ఊరికే కూర్చోవడం మొదలుపెట్టాడు.

సినిమా హిందూపురానికి పోయింది. మామ తెల్లకోటు వేసుకుని సంతలో బండి మీద నిలబడితే జనం వస్తారని డేరా యజమాని బతిమాలాడు. మామ, నాయన, నేను పొద్దున రైలుకు పోయాం. తప్పెట కొడుతూ బండి చింతపండు కుప్పల పక్కగా పోతూ ఉంటే, లేపాక్షి దిక్కు నుంచి చింతపండు అమ్మడానికి వచ్చిన ఒకామె మామను చూసి లేచి నిలబడింది. తక్కెడలోని ఇనుప గుండు తీసి విసిరింది.

అది మామ ఎడమ కంటికి తగిలింది. బండి మీద నుంచి బోర్లా పడ్డాడు. ఆమె ఎగిరి వీపు మీద కూర్చుని, జుట్టు పట్టి తలను నేలకు బాదుతూ, "నా కూతుర్ని యాల సంపినావురా? చెప్పురా!" అని అరుస్తూ ఉంది. తెల్లకోటు ఎర్రగా తడిసింది. మగవాళ్లు ఆమె కొప్పు పట్టి ఈడ్చారు, కడుపులో తన్నారు. బండివాడు చెర్నాకోల ఎత్తాడు. ఒళ్లంతా మట్టి, ఒక కంట్లో రక్తం, మామ పాక్కుంటూ పోయి ఆమె మీద అడ్డంగా పడ్డాడు. రెండు దెబ్బలు ఆయన వీపు మీదే పడ్డాయి.

"కొట్టద్దండప్పా! ఆ యమ్మను కొట్టద్దండి!"

ఆమె వెంట వచ్చిన చెల్లెలు ఏడుస్తూ చెప్పింది, జ్వరానికి సూది వేయించిన మర్నాడే ఆమె కూతురు చచ్చిపోయిందని, అప్పట్నుంచి ఆమె ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదని, నిన్ననే ఈ సినిమా చూసిందని. నాయన ముందుకొచ్చి, "ఈయప్ప డాక్టరు కాదమ్మా, యాక్టరు..." అనబోతే మామ నెత్తుటి చెయ్యి ఎత్తి ఆపాడు.

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు. "నీ బిడ్డను బతికించలేకపోతిని."

ఆమె ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆ కోటు అంచు పిడికిట బిగించి, సంతంతా నిశ్శబ్దమయ్యేట్టు గొంతెత్తి ఏడ్చింది. మామ కదలలేదు, ఆమె వదిలేదాకా.

ఆ కన్ను పోయింది. మామ మళ్లీ ముఖానికి రంగు పూయలేదు. "యాక్టరునని చెప్పింటే ఏం పోయింటాది?" అని తిరుగు రైల్లో నాయన కోపంగా అడిగితే, తలకు కట్టుతో కిటికీ వైపు తిరిగి, "అట్ల చెప్తే, ఆ యమ్మ ఇంక ఎవుర్ని అడగాల?" అన్నాడు.

ఇప్పుడు హిందూపురంలో డేరా వేసిన చోట బట్టల అంగళ్లున్నాయి. ఆ సినిమా రీళ్లు ఏమయ్యాయో తెలియదు. పాత సినిమాలు సేకరించేవాళ్లను మా మనవడు అడిగితే, అట్లాంటిది ఒకటి వచ్చినట్టే తమకు తెలియదన్నారట. మామ పోయి చాలా ఏండ్లయింది. రెండు కళ్లతో ఉన్న ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. సంత మాత్రం ఇంకా జరుగుతాంది. పోయినప్పుడల్లా చింతపండు కుప్పల ముందు ఆగి, ఆమె బతికుండదని తెలిసీ, అక్కడ కూర్చున్న ముసలమ్మల ముఖాల్లోకి చూస్తాను.