బ్లేడు పెట్టని గుండు

అమ్మకు రెండో కీమో ఎక్కించి ఖమ్మం నుంచి పాల్వంచకు పంపేటప్పుడు నర్సు నాకు జాగ్రత్తలు చెప్పింది. కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి. తిన్న ప్రతిసారీ ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించాలి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు దగ్గరికి రాకూడదు. ఒళ్లు వెచ్చబడితే తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. ఒంటి మీద ఎక్కడా బ్లేడు పెట్టకూడదు. పవర్ ప్లాంటులో మీటర్లు సరిచేసే ఉద్యోగం నాది. ఇలాంటి ఆదేశాలు నాకు కొత్త కావు. అన్నీ అర్థమయ్యాయనుకున్నాను.

తర్వాతి వారం దువ్వెన పెడితే చాలు, అమ్మ జుట్టు కుచ్చులుగా ఊడి రావడం మొదలైంది. అమ్మ ఏడవలేదు, తొందరపడింది. జబ్బు బయటపడిన రోజే భద్రాచలం రామునికి తలనీలాలు మొక్కుకుందట. జుట్టు ఊడేదాకా ఆ సంగతి నాకు తెలియదు.

"అంతా రాలినంక ఏమియ్యాల్రా దేవునికి? రేపే పోదాం."

ఆమెకు తోడుగా వచ్చి ఉన్న పిన్ని బట్టలు సర్దడం కూడా మొదలుపెట్టింది. నేను బయటికి వచ్చి నర్సుకు ఫోన్ చేశాను.

"గుండా? బ్లేడు అసలే వద్దు తమ్ముడూ. ఇప్పుడు తెల్లకణాలు తగ్గి ఉంటయ్. చిన్న గాటు పడ్డా చీము పట్టి ప్రాణం మీదికొస్తది. గుడికాడ జనం వేరే."

"మిషన్‌తో తీస్తే, సిస్టర్?"

"తియ్యొచ్చు. కొత్తది కొని స్పిరిట్‌తో తుడువు. తోలుకు అదిమిపెట్టకు. ఇంట్లనే తియ్యి."

లోపలికి వెళ్లి అదే చెప్పాను. పిన్ని నవ్వింది.

"మిషన్‌తోని తీస్తే గుండు గాదు నాయనా, కటింగ్. రాములోరికి కటింగ్ మొక్కినోళ్లను నేనైతే సూడలే."

"మొక్కింది జుట్టే గదా పిన్నీ? దేంతో తియ్యాలో మొక్కలేదు గదా?"

"గట్లనా? మీ అమ్మనే అడుగు మరి."

అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. తినకపోతే నీరసించిపోతుంది. తినాలంటే మొక్కు తీరాలి, మొక్కు తీరాలంటే బ్లేడు పెట్టాలి, బ్లేడు పెడితే మనిషికే ముప్పు. ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి అక్కడికే వస్తున్నాను. మిషన్ వదిలేసే జుట్టు అర మిల్లీమీటరు ఉంటుందేమో. ఆ అర మిల్లీమీటరు దగ్గర మొక్కు తీరినట్టా, తీరనట్టా? ఎవరిని అడగాలో కూడా తెలియలేదు.

మర్నాడు కొత్త మిషన్ తెచ్చి, తుడిచి, చేతులు కడుక్కుని అమ్మ ముందు నిలబడ్డాను. వద్దంటుందనుకున్నాను. ఆమె భద్రాచలం దిక్కుకు తిరిగి పీట మీద కూర్చుంది. జుట్టంతా ఒడిలో పరుచుకున్న పసుపు గుడ్డలో పడింది. అయ్యాక అరచేత్తో తల నిమురుకుంది.

"ఇంకా ఉందిగదరా, గరగరమంటాంది."

"మిషన్‌కు అంతవరకే వస్తది. మిగిలింది అదే రాలుతదమ్మా."

అమ్మ ఒడిలోని గుడ్డ కొసలు దగ్గరికి తీసింది.

"సరే. నా చేతనైంది నేనిచ్చిన. మిగిలింది ఆయన్నే తీసుకోమను."

పిన్ని కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. అమ్మ తిన్నది. ఆ మాట నమ్మి అన్నదో, నా మొహం చూసి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

జుట్టున్న గుడ్డ మూటగట్టి భద్రాచలం బస్సెక్కాను. దాన్ని గుడి దగ్గర ఎవరికైనా ఇవ్వాలా, గోదావరిలో కలపాలా అని అడగనేలేదని సారపాక ఊరు దాటి నది మీది వంతెన ఎక్కాక గుర్తొచ్చింది. అమ్మను అడుగుదామని ఫోన్ చేస్తే పిన్ని ఎత్తింది.

"మీ అమ్మ కడుపునిండ తిని పండుకుంది. లేపాల్నా?"

వద్దన్నాను.