మూలమట్టం గుర్తున్న వరుస

మొన్న మదనపల్లె పట్టణోత్సవం చూపిద్దామని సోమల నుంచి మా నాయన్ని తీసుకొచ్చాను. ఆయన జీవితమంతా తాపీమేస్త్రీ. ఊరేగింపులో నల్లకోట్ల పెద్దమనుషులు కొందరు నడిచి వస్తున్నారు. వాళ్లు నడుముకు కట్టుకున్న తెల్లగుడ్డల మీద, మేస్త్రీలు గోడ మూల సరిచూసుకునే మూలమట్టం బొమ్మ ఉంది. నాయన మొహం వెలిగిపోయింది.

"మన మేస్త్రీలే, సూడప్పా" అంటూ నేను ఆపేలోగా వాళ్ల వరుసలో కలిశాడు.

ఆ నల్లకోట్లలో ఒకాయన నాయన రెక్క పట్టుకుని బయటికి లాగాడు. "ఇది ఫ్రీమేసన్ల సంఘం. మూలమట్టం ఉత్త గుర్తే, మేమంతా డాక్టర్లు, లాయర్లు. నువ్వు యాల వస్తాండావు? కూలోళ్లు ఆ పక్కన నిలబడండి."

జనం నవ్వారు. నాయన తలవంచుకుని నా పక్కకు వచ్చాడు. కాసేపటికి వాళ్ల బ్యానర్ చూపించి, "ఏం రాసుండాది?" అని అడిగాడు.

'మనుషులంతా సోదరులే' అని ఉంది.

"సంఘం పేరు నాయనా" అన్నాను. ఆయనకు చదువు రానందుకు ఆ ఒక్కరోజే సంతోషించాను.