హస్తవాసిని ఒప్పుకోని వైద్యుడు

కర్నల్ డాక్టర్ సదాశివరావు గారు ఇక లేరన్న వార్త సోమవారం ఉదయం మా కార్యాలయానికి వచ్చిన టెలిఫోనులో విన్నాను. చెప్పినవారు ఆయన పొరుగింటివారు. "ఏ సదాశివరావు గారు?" అని అడిగాను. ఢిల్లీ మునీర్కాలో ఆ పేరుగల వైద్యుడు మరొకరు లేరని తెలిసి కూడా అడిగాను. అంతకు ముందు శనివారమే ఆయన నా భార్య సుభద్రకు ఇంజెక్షన్ ఇచ్చి, నియమం ప్రకారం అరగంట కూర్చోబెట్టి, "పాప్రీ పూత మొదలయిందమ్మా, పొద్దుటి పూట కిటికీలు తియ్యకండి" అని చెప్పి సాగనంపారు. మా వైపు నెమలినార అంటామే, ఆ చెట్టే ఇక్కడ పాప్రీ. ఫాల్గుణంలో దాని పుప్పొడి ఢిల్లీ గాలినంతా ఆక్రమిస్తుంది. ఆయన సేవ అత్యంత ఆవశ్యకమైన మాసంలోనే ఆయన నిష్క్రమించారు.

దుఃఖం కన్నా ముందు నాకు కలిగినది ఆగ్రహం. ఆ మధ్యాహ్నానికే రామకృష్ణపురం క్వార్టర్ల నుంచి కంటోన్మెంటు దాకా ఒక మాట పాకిపోయింది: "అలర్జీ డాక్టరు ఆయాసంతోనే పోయాడట!" ఇది అసత్యం. ఆయనకు ఉబ్బసం ఏనాడూ లేదు. ఆయనను తీసుకుపోయినది హృద్రోగం. ఆదివారం ఛాతీ బరువుగా ఉందని ఇంట్లో అన్నారట. "గ్యాసేలే" అని తనకు తానే రోగనిర్ణయం చేసుకున్నారట. రోగులు తమ జబ్బుకు తామే పేరు పెట్టుకుని వస్తే "అయితే నా దగ్గరికెందుకొచ్చారు?" అని గద్దించే మనిషి, తన విషయంలో చేసినది అదే. ఆయన పట్ల నా గౌరవం అణుమాత్రం తగ్గలేదు గాని, ఈ ఒక్క విషయంలో ఆయనను క్షమించడం నాకు సాధ్యం కావడం లేదు.

ఆయనది బొబ్బిలి ప్రాంతం. యౌవనమంతా సైనిక వైద్యశాలల్లో గడిపి, పదవీ విరమణానంతరం మునీర్కాలో కింది అంతస్తు రెండు గదులలో అలర్జీ చికిత్సాలయం తెరిచారు. ఇంగ్లీషు ధారాళంగా, హిందీ సిపాయిల యాసతో మాట్లాడేవారు. తెలుగు మాత్రం బొబ్బిలిది బొబ్బిలిలాగే ఉండిపోయింది. శనివారం సాయంత్రాలు ఇంజెక్షన్లకు కేటాయించారు. కేంద్ర ప్రభుత్వోద్యోగులు, జవాన్ల కుటుంబాలు, పరీక్షలకు చదువుకునే యువకులు ఆ బల్లలమీద పక్కపక్కన కూర్చునేవారు.

నేను వృత్తిరీత్యా శీతలీకరణ యంత్రాల ఇంజనీరును. సుభద్రకు ప్రతి వసంతంలోనూ తుమ్ములు, కళ్ల దురద, ఆపైన పిల్లికూతలు మొదలయ్యేవి. సమస్యను నేను యంత్రశాస్త్ర దృష్టితో పరిష్కరించబూనాను. కిటికీ సందులకు రబ్బరు పట్టీలు అతికించాను. కూలరులోని గడ్డి తడిసి బూజు పడుతుందని కూలరునే తీసివేశాను. గాలి వచ్చే మార్గంలో వడపోత అమర్చాను. ఇదంతా కర్నల్ గారికి సవివరంగా నివేదించాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"బాగుందండీ. ఇల్లు బిగించీసారు. మరి ఢిల్లీని బిగించగలరేటి? ఈవిడ రేపు కూరగాయలకెల్లాలా, అక్కర్లేదా?"

సుభద్ర పక్కున నవ్వింది. "రెండేళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదేనండీ. ఈయనకి నేను కూడా ఓ ఫ్రిజ్జే!"

"కాదమ్మా, ఫ్రిజ్జయితే ఈపాటికి బాగు చేసీవారే" అన్నారాయన, ముఖంలో నవ్వన్నది లేకుండా.

తన బాధకు కారణం వేసవి ముంగిట వీధుల్లో ఎగిరే బూరుగు దూదేనని సుభద్ర దృఢంగా విశ్వసించేది. ఆయన వాదించలేదు. ముంజేతిమీద వరుసగా వివిధ ద్రావణాల బొట్లు పెట్టి, ఒక్కొక్కచోట సూదిమొనతో తాకి, కాసేపు ఆగి చూపించారు. పాప్రీ పుప్పొడి పెట్టినచోట, ఇంటి దుమ్ములోని సూక్ష్మకీటకాల సారం పెట్టినచోట దద్దుర్లు లేచాయి. మిగిలిన చర్మం ప్రశాంతంగా ఉంది. "కనబడీ దూది అంత లావుగా ఉంటాది, ముక్కు లోపలికి పోలేదు. కనబడందే దొంగ" అన్నారు. చలికాలపు రజాయిలను ఎండలో వేయమనీ, పరుపుకు బిగువైన తొడుగు వేయమనీ చెప్పారు. నా రబ్బరు పట్టీలను పూర్తిగా తృణీకరించలేదు. అవి అవసరమే గాని పర్యాప్తం కావన్నారు.

రోగస్వరూపాన్ని ఆయన వివరించిన తీరు సైనికునిది. "సెంట్రీ పోస్టులో కొత్తోడిని నిలబెడితే ఆకు కదిలినా తుపాకీ పేలుస్తాడు. పుప్పొడి మనకేం చెయ్యదు. వాడి కాల్పులకే మనకీ తుమ్ములు, ఆయాసం. మాత్ర ఏస్తే ఆ పూటకి తుపాకీ లాక్కున్నట్టు. తప్పు కాదు, అవసరమే. కానీ వాడి బుద్ధి మారదు. నేను చేసీది ఏటంటే, ఆ ఆకునే వాడికి కొంచెం కొంచెం చూపిస్తూ, 'ఒరే, ఇది శత్రువు కాదు' అని అలవాటు చెయ్యడం. దానికి మూడేళ్లు పడతాది." అత్యల్ప మోతాదుతో ఆరంభించి, వారం వారం పెంచి, పిమ్మట నెలకొక్కటిగా కొనసాగించే చికిత్స అది. అందరికీ పనిచేస్తుందని ఆయన ఎన్నడూ అనలేదు. ఆహారం పడక వచ్చినవారిని, పరీక్షలో ఏదీ తేలనివారిని, "మీకు నా సూది అక్కర్లేదు" అని నిర్మొహమాటంగా పంపివేసేవారు.

ఇక్కడే ఆయన జీవితకాల విసుగు మొదలవుతుంది. కేంద్రోద్యోగికి, సైనికునికి మూడేళ్లంటే ఒక బదిలీ. అందుచేత ఎవరు వచ్చినా ఆయన తొలి ప్రశ్న "ఏటి బాధ?" అన్నది కాదు, "మీకు బదిలీ ఎప్పుడు?" అన్నది. చికిత్స మధ్యలో జోధ్‌పూరుకో తేజ్‌పూరుకో ఉత్తర్వు వస్తే, అక్కడి సైనిక వైద్యుని పేరు కనుక్కుని, మంచు నింపిన ఫ్లాస్కులో సీసా పెట్టించి, "ఫ్రీజర్లో పెట్టకండి, గడ్డ కడితే మందు పాడవుద్ది" అని స్టేషనుకు బయలుదేరే దాకా చెప్పేవారు. అక్కడికి చేరాక ఆ సీసాను ఫ్రిజ్జులోనే మరచిపోయినవారే అధికం.

బదిలీ లేనివారి సంగతి మరీ నిస్పృహ కలిగిస్తుంది. బేర్ సరాయ్‌లో చెమ్మగోడల గదిలో ఉంటూ సివిల్స్‌కు చదివే కడప యువకుడు, ఏడాది తిరగకుండానే ఇంజెక్షన్లు మానుకున్నాడు. నేను అక్కడ ఉండగానే చెప్పడానికి వచ్చాడు.

"బాగైపోయింది సార్. ఇంగ యాల సార్ సూదులు?"

"ప్రిలిమ్స్ పాసయితే మెయిన్స్ మానేస్తావేటి?"

"అట్ల కాదు సార్, ముఖర్జీ నగర్‌కు మారతాండా. దూరం."

"నీ ముక్కు కూడా అక్కడికే వస్తాది బాబూ."

మరుసటి వసంతంలో ఆ యువకుడు ఊపిరందక ఆటోలో వచ్చాడు. కర్నల్ గారు మందలించలేదు. ముందు ఆయాసానికి చికిత్స చేసి, అది పూర్తిగా సర్దుకున్న తరువాత, మళ్లీ అత్యల్ప మోతాదునుంచి మొదలుపెట్టారు. అతడు వెళ్లాక నాతో అన్నమాట మాత్రం మరువలేను: "రోగం గెలిచినప్పుడు కాదండీ, రోగి గెలిచాననుకున్నప్పుడే నేను ఓడిపోతాను."

అరగంట నియమంలో ఆయనకు దాక్షిణ్యం లేదు. అరుదుగానైనా ఇంజెక్షన్ వికటించే ప్రమాదముంది గనుక, ఎదుట విరుగుడు మందు ఎడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని కూర్చునేవారు. ఒక ఉన్నతాధికారి "మీటింగుంది" అని మధ్యలోనే లేచి కారు దగ్గరకు వెళ్లారు. కర్నల్ గారు వెంటవెళ్లి, కారు తలుపు పట్టుకుని, డ్రైవరుతో "భయ్యా, ఇంజన్ బంద్ కరో. సాబ్ అభీ నహీ జాయేంగే" అన్నారు. అధికారి ముఖం జేవురించింది. అయినా తిరిగివచ్చి కూర్చున్నారు. కాసేపటికి ఆయన మెడమీద దద్దుర్లు లేచి, గొంతు బిగిసింది. కర్నల్ గారు వెంటనే తొడలో ఎడ్రినలిన్ ఇచ్చి, తామే పక్కన కూర్చుని ఆస్పత్రికి తీసుకువెళ్లారు. తరువాత ఆ అధికారి కృతజ్ఞత చెప్పబోతే, "మీటింగు ఎలా అయిందండీ?" అని మాత్రం అడిగారు.

సంస్మరణ సభ మన తెలుగు సంఘం హాలులో జరిగింది. వక్తలందరూ ఒకే పదాన్ని పట్టుకున్నారు: హస్తవాసి. "అలాంటి హస్తవాసి ఇక పుట్టదు", "ఆ చేతి చలవే వేరు." ఒక పెద్దమనిషి ఆయన పేరిట వ్యాసరచన పోటీకి షీల్డు ప్రతిపాదించారు. చప్పట్లు మోగాయి. అప్పుడు సుభద్ర లేచి నిలబడింది.

"షీల్డు సంగతి తర్వాత చూద్దాం అన్నయ్యగారూ. నాకు కోర్సు ఇంకా ఏడాదికి పైనే ఉంది. వచ్చే ఇంజెక్షన్ ఎవరిస్తారో అది చెప్పండి ముందు."

వెనుక వరుసనుంచి కాప్టెన్ రజిత లేచారు. సైనిక వైద్యురాలు, వరంగల్ అమ్మాయి. కర్నల్ గారి వద్ద ఈ విద్య అభ్యసించినవారు. "నేనిస్తనమ్మా. శనివారం శనివారం వస్త. కానీ అరగంట కూసోకుంట పోతమంటే మాత్రం నేను ఇయ్య."

సమస్య పరిష్కృతమయిందని భావించాను. అది నా భ్రమ. తొలి శనివారం బల్లలు సగం ఖాళీగా ఉన్నాయి. రానివారికి టెలిఫోను చేశాను. అందరి సమాధానమూ ఒక్కటే: "ఆవిడ మంచి డాక్టరే లెండి. కానీ ఆయన హస్తవాసి వేరు కదండీ!" ఇంతకన్నా ఘోరమైన ప్రశంస మరొకటి ఉండదు. హస్తవాసి అన్న మాట వింటేనే ఆయన చిరచిరలాడేవారు. "చేతిలో ఏటుందమ్మా? మందు సీసాలో ఉంది, ఓపిక మీలో ఉంది" అనేవారు. తన చెయ్యి లేకున్నా సాగవలసిన విధానంగా ఆయన తీర్చిదిద్దినదాన్ని, ఆ చేతితోపాటే దహనం చేయడానికి ఆయనను ప్రేమించినవారే సిద్ధపడుతున్నారు. శత్రువు కానిదాన్ని శత్రువనుకోవడమే ఈ రోగమని ఆయన చెప్పారు. మిత్రుని పనిని మహిమ అనుకోవడం అంతకన్నా మొండి రోగమని నాకిప్పుడు అర్థమవుతున్నది.

ఆయనవంటివారు మళ్లీ రారు. రోగిని కారు దాకా వెంబడించి వెనక్కి తెచ్చే మొండితనం, పరాయి ఊరి వైద్యునికి ఒక్క సీసా కోసం టెలిఫోను చేసే శ్రద్ధ, వాటిని ఎవరూ భర్తీ చేయలేరు. ఆ లోటు శాశ్వతం. కాని చికిత్సకు లోటు లేదు. చదువరులలో ఆయన రోగులెవరైనా ఉంటే నా విన్నపం ఇది: చికిత్సాలయం రెండవ గదిలోని ఫ్రిజ్జును నేను ప్రతివారం స్వయంగా పరీక్షిస్తున్నాను, ఉష్ణోగ్రత సరిగానే ఉంది. మీ సీసాలు అక్కడే ఉన్నాయి. ఇంజెక్షన్ల మధ్య ఎడం పెరిగినకొద్దీ మోతాదు వెనక్కి తగ్గించవలసి వస్తుంది. మరీ ఆలస్యమైతే మొదటికే వస్తుంది. కనుక వచ్చే శనివారమే రండి.

ఒక్కొక్క సీసామీద రోగి పేరు కర్నల్ గారి దస్తూరీలో ఉంది. సుభద్ర సీసా ఆయన ఇచ్చిన చివరి ఇంజెక్షన్‌తోనే అయిపోయింది. మొన్న శనివారం కాప్టెన్ రజిత కొత్త సీసా తీసి, చీటీ అతికించి, తన గుండ్రని అక్షరాలతో పేరు రాశారు. ఖాళీ సీసాను జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకుంటానని నేను చెయ్యి చాచాను. "వద్దండీ" అని సుభద్ర నా చెయ్యి పట్టుకుని ఆపి, బల్లమీద కూర్చుని, చీర కొంగు సర్దుకుని, రజిత వైపు భుజం తిప్పింది.