పచ్చ టిక్కు పెట్టిన గోడౌన్

మా ఆడిట్ ఆఫీసులో పచ్చ టిక్కు అంటే ఒట్టు లాంటిది. సరుకును కళ్లారా చూసినవాళ్లే పచ్చ పెన్సిల్ వాడాలి. యజమాని నోటిమాట విని రాసుకుంటే నీలం. పచ్చ కనబడితే చాలు, ఆడిటర్ గారు మారుమాట లేకుండా సంతకం పెట్టేస్తారు. ఆ పచ్చ టిక్కులకి మా బాబాయి పెట్టింది పేరు. బాబాయి అంటే చుట్టరికమేమీ లేదు. పన్నెండేళ్లుగా పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషిని సార్ అని పిలవడానికి నాకు నోరు రాదు, అంతే.

ఆయనతో కలిసి గోడౌన్‌కి వెళ్లడమంత చిరాకు ఇంకోటి లేదు. మూటల్ని ఒకసారి లెక్కపెడితే చాలదు, మూడుసార్లు. నడుమ నడుమ ఠక్కున ఆగి వెనక్కి తిరుగుతాడు. "ఎవరో ఏదో అడిగినట్టు లేదూ?" అంటాడు. అడగడానికి అక్కడ నేనూ ఎలుకలూ తప్ప ఎవరున్నారు, నా మొహం! పట్టపగలైనా ఒంటరిగా లోపల అడుగు పెట్టడు. బాబాయికి దయ్యాల భయమని మేమంతా నవ్వుకునేవాళ్లం. అలా నవ్వినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇంతలో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చిపడింది. సెక్షన్ల నంబర్లు మారాయి, ఆడిట్ ఫారాలు మారాయి, ఏడాదిని పిలిచే పేరు కూడా మారింది. నేను కంఠతా పట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరైంది. నేను గొణుక్కుంటూ తిరుగుతుంటే, బాబాయి మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు. ఆడిటర్ గారు అందరినీ కూర్చోబెట్టి మార్పులు చెబుతుంటే మధ్యలో చెయ్యెత్తాడు.

"పాత చట్టం రద్దయింది కదండీ. అప్పట్లో మనం చేసిన ఆడిట్లు కూడా పోయినట్టేనా?"

"అవెలా పోతాయండీ? పాత ఏళ్లకి పాత చట్టమే. కొత్తది ఈ ఏడాది నుంచే," అన్నారు ఆడిటర్ గారు. ఎలాగూ అన్నీ మారుతున్నాయి కాబట్టి మన కాగితాలూ మారుద్దామన్నారు. ఇక టిక్కులు చాలవు, సరుకు ఎవరు చూశారో, ఏ రోజు చూశారో పేరూ తేదీ రాసి సంతకం చెయ్యాలన్నారు.

బాబాయి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

మధ్యాహ్నం ఆ కొత్త కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గంటైనా తన పేరు రాయలేదు. నాకు ఒళ్లు మండింది. "పేరు మర్చిపోయావా బాబాయ్? నన్ను చెప్పమంటావా?" అన్నాను. అప్పుడు చెప్పాడు.

నేను ఆఫీసులో చేరకముందు మాట. ఇద్దరు భాగస్తుల రంగుల వ్యాపారం. పెద్దాయన దుకాణంలో కూర్చుంటాడు, గోడౌన్ తాళాలు చిన్నాయన దగ్గర. ఏడాది చివరిరోజున బాబాయి వెళ్లి డబ్బాలు చూసి రావాలి. ఆ రోజు అకాల వాన, దారంతా బురద.

"కాళ్లకి కొత్త చెప్పులమ్మా," అన్నాడు బాబాయి. "పాడైపోతాయని వెళ్లలేదు. దుకాణంలోనే కూర్చుని పెద్దాయన చెప్పిన అంకె పక్కన పచ్చ టిక్కు పెట్టేశాను."

నాలుగు నెలలకి గోడౌన్‌లో లెక్క తీస్తే సగం డబ్బాలు లేవు. అసలెప్పుడూ లేవు. పెద్దాయన దొంగబిల్లులతో కొన్నట్టు చూపించాడని బాబాయికి తర్వాతెప్పుడో కాగితాలు తిరగేస్తే తెలిసింది. కానీ ఆడిట్ రిపోర్టు సరుకు ఉందంది, తాళాలేమో చిన్నాయనవి. ఇంకేముంది, ఆయన్నే దొంగన్నారు. ఆ మనిషి మా ఆఫీసు మెట్ల మీద నిలబడి, "మీరు చూశారా సార్? నిజంగా చూశారా?" అని అడిగాడట. బాబాయి చూశానన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే దిగులుతో మంచం పట్టి పోయాడాయన.

"ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడమ్మా. ఏ గోడౌన్‌కి వెళ్లినా వెనకనుంచి అదే మాట."

"ఇన్నేళ్లూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? ఆయనకి పిల్లలు లేరా?" అని అరిచాను.

"ఒక కూతురు. జిరాక్స్ షాపు నడుపుతోంది. చెబితే నా ఉద్యోగం ఊడుతుందమ్మా."

"ఊడితే ఊడనీ!" అనేశాను. అనడం సులువే, జీతం నాది కాదుగా.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఆడిటర్ గారి గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాడు. ఆ రిపోర్టు తప్పని ఆడిటర్ గారు సంతకం చేసి కాగితం ఇచ్చారు, బాబాయిని రేపటి నుంచి రావద్దన్నారు. ఆ కాగితం పట్టుకుని ఇద్దరం జిరాక్స్ షాపుకి వెళ్లాం.

ఆవిడ మిషన్ ఆపి కాగితం రెండుసార్లు చదివింది. బాబాయి చేతులు జోడించాడు. "మీ నాన్నగారు దొంగ కాదమ్మా. సరుకు నేను చూడలేదు," అన్నాడు. ఆవిడ విరుచుకుపడుతుందనుకుని నేను ఒక అడుగు ముందుకేశాను.

"నాన్న కూడా అదే చెప్పాడండీ," అందావిడ నెమ్మదిగా. "చదువుకున్నవాళ్లు చూసి రాశారు, అబద్ధం చెప్పడానికి వాళ్లకేం పనని నేనే ఆయన నోరు మూయించాను. చివరి ఆర్నెల్లూ కంచం ఆయన గది గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేదాన్ని. ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదండీ."